ఇంటి రౌటరును, దాని ద్వారములును



నేఁడు నేను మీకు విన్నవింపఁ బూనిన విషయము కావ్యమునకుఁ గాని పురాణమునకుఁ గాని సంబంధించినది కాదు. మన యిండ్లలో గోడమీఁదనో బల్లమీఁదనో కూర్చుండి, రేయుంబవళ్లు చిన్న చిన్న దీపములను మిణుకుమిణుకు మనిపించుచుండు రౌటరను పెట్టెను గూర్చినది. ఇంతటి స్వల్పవస్తువునకుఁ బ్రసంగ మేల యని కొందఱు తలఁపవచ్చును. ఐనను గృహమునకు సింహద్వార మెట్టిదో, ఆ గృహమునకు వచ్చిపోవు సమాచారమున కెల్ల నీ పెట్టె యట్టిది. గడియ తీయవలసిన దెప్పుడో, వేయవలసిన దెప్పుడో గృహయజమానుఁ డెఱుఁగకున్నచో, ఆ గడియ మఱియొకనిచేతఁ జిక్కును.

గ్రామములలోని సంగతి మీ రెఱుఁగుదురు. పిల్లలు చదువులకును, ఉద్యోగములకును బట్టణములకుఁ బోయిరి. ఇంటికి ఫైబరు తీఁగ వేయించినవారు పిల్లలు. నెలనెలకు సొమ్ము చెల్లించువారు పెద్దలు. సెలవులకు వచ్చిన మనుమఁడు, “తాతయ్యా, డౌన్‌లోడు మెల్లగా వస్తున్నది, రౌటరులో పోర్టు ఫార్వర్డింగు పెట్టాలి, పాస్‌వర్డు చెప్పండి” అని యడుగును. మరమ్మతునకు వచ్చినవాఁడు, “ఇంత యిప్పించండి, పోర్టులు తెరుస్తాను” అనును. తాతగారు ఈ రెంటికిని ఔననవలయునా, కాదనవలయునా? సొమ్ము వారిది, తీఁగ వారి పేర నున్నది, రేపు తెఱచిన ద్వారమునఁ గీడు ప్రవేశించినచో మాటపడవలసినవారును వారే. కావున ఈ ప్రశ్నకు సమాధానము వారికే తెలియవలయును. వైద్యులు చెప్పు క్రమమున మొదట నిదానమును, పిదపఁ జికిత్సను, కడపటఁ బథ్యమును జెప్పెదను.

మందగతి యని నిర్ణయించుటకు ముందు లెక్క చూడవలయును. తీఁగ నిచ్చు సంస్థలు వేగమును మెగాబిట్లలోఁ జెప్పును; కంప్యూటరు తాను దించుకొనుచున్న దానిని మెగాబైట్లలోఁ జూపును. ఒక బైటునకు ఎనిమిది బిట్లు. మానికలతోఁ గొలిచి పోసిన వడ్లను ఇంటఁ గుంచములతోఁ గొలిచి, సంఖ్య తగ్గినదని తగవులాడుట యెట్టిదో, ఈ రెంటిని గలగాపులగము చేసికొని విచారపడుటయు నట్టిదే. సెకండునకు 40 మెగాబిట్ల వేగమునకు మనము సొమ్ము చెల్లించుచున్నచో, తెరమీఁద సెకండునకు 5 మెగాబైట్లు కన్పట్టవలయును. ఆ లెక్కను 1,000 మెగాబైట్ల వస్తువు 200 సెకండ్లలో, అనఁగా మూఁడు నిమిషముల యిరువది సెకండ్లలో దిగును. అంతమాత్రము దక్కుచున్నచో వ్యాధియే లేదు, చికిత్స యెవ్వరికి?

లెక్కకుఁ దక్కువ వచ్చుచున్నచో, రెండవ పరీక్ష వైఫైది. రౌటరునుండి వైఫై సాధారణముగా రెండు విధములఁ బ్రసరించును. 2.4 గిగాహెర్ట్జులది దూరము పోవును గాని వేగము తక్కువ; ఇరుగుపొరుగుల రద్దీయు నెక్కువ. 5 గిగాహెర్ట్జులది వేగవంతమైనదే గాని గోడలను దాఁటుటయందు దుర్బలము. మన ప్రాఁతయిండ్ల మూరెఁడు మందపు మట్టిగోడలు ఎండనే లోపలికి రానీయవు. ఈ తరంగములను మాత్ర మేల రానిచ్చును? కాఁబట్టి కంప్యూటరును రౌటరు ప్రక్కకుఁ దెచ్చి, తీఁగతోఁ దగిలించి మఱల వేగము చూడుఁడు. అప్పుడు సరియైనచో రౌటరును ఇంటినడుమ నెత్తైన చోటికి మార్చుకొనుట చాలును. ద్వారముల జోలికిఁ బోనక్కఱలేదు.

మూఁడవ పరీక్ష అవతలి కొనది. ఒక చోటినుండి నెమ్మదిగా దిగు వస్తువును విడిచి, అదే సమయమున మఱియొక చోటినుండి వేఱొక వస్తువును దించి చూడవలయును. రెండవది చుఱుకుగా వచ్చినచో, లోపము మన యింటిది కాదు, మొదటివారి యంత్రమునది. సాయంకాలముననే మందగించి, వేకువను సరియగుచున్నచో, ఊరందఱును ఒక్కసారిగా వాడుకొనుటవలనఁ గలిగిన రద్దీ యది. కాలువతలయందు నీరు తక్కువయైనప్పుడు మన పొలముగట్టు త్రవ్వి లాభము లేదు గదా.

ఈ మూఁడు పరీక్షలును దాఁటి, ఒకానొక విధమైన డౌన్‌లోడు మాత్రమే మందగించుచున్నచో, అప్పుడు ద్వారవిచారణ కర్తవ్యము. ఆ విధ మెయ్యదియో తెలియవలె నన్న, ముందుగా విలాసముల సంగతి కొంత చెప్పవలయును.

అంతర్జాలమునఁ బ్రతియంత్రమునకును సంఖ్యారూపమైన విలాస ముండవలయును. 1981లో స్థిరపడిన పద్ధతి ననుసరించి ఈ విలాసము ముప్పదిరెండు బిట్ల సంఖ్య. అట్టి సంఖ్యలు మొత్తము 4,294,967,296. అనఁగా సుమారు 429 కోట్లు. భూమిమీఁది జనసంఖ్యయే నేఁడు దానిని మించినది. ఒక్కొక్క యింటనో నాలుగైదు యంత్రములు. ఈ కొఱఁతను ముందుగా నూహించి, 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అను నిరువు రొక యుపాయమును బ్రకటించిరి. ఇంటి కంతకును వెలుపల నొక్కటే విలాసము. లోపలి యంత్రములకు ఇంటివఱకే చెల్లు ముద్దుపేర్లు. లోపలి పేరును వెలుపలి విలాసముగా మార్చి పంపుటయు, వచ్చిన దానిని మఱల లోపలి పేరునకుఁ జేర్చుటయు రౌటరు పని. దీనికే న్యాట్ అని వ్యవహారము. 1994లోనే ఇట్టి లోపలి పేర్లకై కొన్ని సంఖ్యలు ప్రత్యేకింపఁబడినవి. మన యిండ్లలోఁ దఱచుగాఁ గన్పట్టు 192.168 తో మొదలగునవియు, 10 తో మొదలగునవియు అట్టివే. ఇంత పొదుపు చేసినను, 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచభాండారమునందలి కడపటి విలాసముల కట్టలును బ్రాంతీయసంస్థలకుఁ బంచివేయఁబడెను.

విలాసమునకుఁ దోడు ద్వారసంఖ్య యొకటి కలదు. దానినే పోర్టందురు. అవి 0 మొదలు 65,535 వఱకు నుండును. ఒక యంత్రముననే పెక్కు పనులు జరుగుచుండును గనుక, ఏ కబురు ఏ పనికిఁ జెందినదో ఈ సంఖ్య తెలుపును. రహస్యరక్షణ గల వెబ్ పుటలకు 443, ఉత్తరముల బట్వాడాకు 25 అను నట్లు కొన్నింటికి వాడుక స్థిరపడినది.

ఇప్పుడు పూర్వపు మండువా లోఁగిలి నొకదానిని దలఁచుకొనుఁడు. లోపల నలుగు రన్నదమ్ముల కాఁపురము. వీథికిఁ దలవాకిలి యొక్కటే. వాకిట నొక కావలివాఁడు. రెండవయన్న అంగడికిఁ గబు రంపెను. కావలివాఁడు, ‘ఈ కబురు రెండవయన్నది’ యని తన చీటిలో గుఱుతు వ్రాసికొనెను. అంగడినుండి సరకు రాఁగానే ఆ గుఱుతు చూచి వారి గదికిఁ జేర్చెను. ఇంతవఱకుఁ జిక్కు లేదు. కాని యెవ్వరును బిలువకయే యొక క్రొత్తవాఁడు వచ్చి, ‘లోపల నొకరితోఁ బని గల’ దన్నచో, కావలివాఁడు వానిని ఎవ్వరి గదికిఁ బంపవలయును? చీటిలో గుఱుతు లేదు. కాఁబట్టి త్రిప్పి పంపివేయును. అది వాని దోషము కాదు, వాని ధర్మము.

పోర్టు ఫార్వర్డింగనఁగా, యజమానుఁడు కావలివానికి ముందుగా నొక యాజ్ఞ యిచ్చి యుంచుట. ‘ఈ సంఖ్య చెప్పుచు నెవ్వరు వచ్చినను, మఱి విచారింపక మూఁడవ తమ్ముని గదికిఁ బంపుము’ అనుటయే యా యాజ్ఞ. ఇంతకు మించి యిందు మాయ లేదు, మంత్రము లేదు. దీనిచేఁ ద్రోవ వెడల్పు కాదు. కాలువలోనికిఁ గ్రొత్తనీరు రాదు. ఇదివఱకు వాకిటినుండి మరలిపోవుచున్నవారు లోపలికి రాఁగలుగుదురు; అంతియే.

దీనినిబట్టి యొక సంగతి తేటపడుచున్నది. వెబ్బునుండి పుస్తకమును గాని, పాటను గాని, ప్రభుత్వపత్రమును గాని దించుకొనునప్పుడు అడిగినవారము మనమే. గుఱుతు కావలివాని చీటిలో నున్నది. సరకు దానంతట నదియే లోపలికి వచ్చును. అట్టి డౌన్‌లోడునకు వేయి పోర్టులు తెఱచినను గవ్వంత వేగము హెచ్చదు. ఈ యొక్క మాట జ్ఞప్తియం దుంచుకొన్నచో, సగము మోసములు మీ గడప త్రొక్కవు.

మఱి పోర్టు తెఱచుట యెక్కడ నుపయోగించును? 2001లో బ్రామ్ కోహెన్ అను నమెరికాదేశీయుఁడు బిట్‌టొరెంటను పద్ధతిని గల్పించెను. ఒక తాళపత్రగ్రంథమును బదిమంది శిష్యులు పత్రములు పంచుకొని వ్రాసికొని, పిదప నొకరి పత్రము నొకరు చూచి తమ ప్రతులను బూర్తిచేసికొందు రనుకొనుఁడు. గురువుచుట్టును బదిమందియుఁ గాచుకొని యుండ నక్కఱలేదు. బిట్‌టొరెంటు నిట్టిదే. వస్తువును చిన్న ముక్కలుగా విభజించి, ఏ ముక్క యెవ్వనియొద్ద నున్నదో తెలిసికొని, ఒండొరులు మార్చుకొందురు. ఇచ్చువానికే మొదట నిచ్చుట యందలి నీతి. తీసికొని యూరకుండువానికిఁ దుదివంతు.

ఇందుఁ బ్రతివాఁడును అంగడివాఁడే, ప్రతివాఁడును గొనువాఁడే. కావున ఇతరులు తమంతఁ దామే వచ్చి మన వాకిలి తట్టవలసిన యవసరము గలుగును. మన వాకిలి మూసియున్నచో, తెఱచియున్నవారి యొద్దకు మనము పోఁగలము. కాని మూసికొన్నవారు మనయొద్దకు రాలేరు, మనము వారియొద్దకుఁ బోలేము. మూఁడవవాని సాయముతో నట్టి యిరువురను గలుపు మెలకువలు కొన్ని ప్రోగ్రాములయందుఁ గలవు. అవి యెల్లప్పుడును ఫలింపవు. వస్తువు వందలకొలఁది జనులయొద్ద నున్నప్పుడు, తెఱచినవారు కావలసినంతమంది దొరకుదురు గనుక, మన పోర్టు తెఱచినను మూసినను భేదము కానరాదు. వస్తువు అరుదై, దానిని గలవారు ముగ్గురో నలుగురో యైనప్పుడు మాత్రము, ఒక్క ద్వారము తెఱచుటచే ప్రాణము వచ్చును.

ఇట్టి పద్ధతి సత్కార్యములకును జెల్లుచున్నది. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవునందు మన ప్రాఁత తెలుఁగు పుస్తకము లనేకము గలవు. 2012 నుండి అచ్చటి వస్తువులను టొరెంటుగాఁ గూడ దించుకొనుట కేర్పాటు గలదు. అచ్చట ఆర్కైవువారి యంత్రములే ముక్కల నిచ్చుచుండును గనుక, ద్వారము మూసియున్నను పుస్తకము వచ్చును. వెల లేక లభించు లినక్సు వ్యవస్థల ప్రతులును ఈ త్రోవనే లోకమున వ్యాపించుచున్నవి. క్రొత్త సినిమాలను, పాటలను, పుస్తకములను హక్కుదారుల యనుమతి లేక యిట్లు పంచుకొనుట మాత్రము 1957 నాఁటి కాపీరైటు చట్టము ననుసరించి నేరము. గ్రంథకర్త మరణించిన పిదప అఱువది యేండ్లు గడచినఁ గాని వాని గ్రంథము లోకులందఱి సొత్తు కాదు. కావున మనుమఁడు పాస్‌వర్డు నడిగినప్పుడు, ‘ఏమి దించుచున్నావు నాయనా?’ యని మొదట నడుగుట తాతగారి హక్కు మాత్రమే కాదు, విధియును.

ఇక్కడ నొక దృష్టాంతము చెప్పెదను. ఒకప్పుడు నావలెనే బడులలోఁ బాఠములు చెప్పినవా రిరువురు వేర్వేఱు గ్రామములఁ గాఁపురమున్నారు. మొదటివారి యింటఁ బూర్వుల చేతివ్రాఁత యక్షగానములును వైద్యగ్రంథములును గలవు, సగము చెదలపాలైనవి. మిగిలిన వానికిఁ బుటపుటకును ఛాయాచిత్రములు తీయించిరి. మొత్తము సుమారు 60 గిగాబైట్లు. అది యొక్క కంప్యూటరులోనే యున్నచో నిలుచు నను నమ్మకము లేదు గనుక, రెండవవారి యింట నొక ప్రతి యుంచ నిశ్చయించిరి. టొరెంటుపద్ధతి నేల యెన్నుకొనిరనఁగా, కరెంటు పోయి వచ్చినను అది విడిచినచోటినుండియే సాగును. ప్రతిముక్కయు సరిగా వచ్చినదా లేదా యని తనంతఁ దానే పరీక్షించుకొనును. కాని నాలుగు దినములు గడచినను ఒక్క ముక్కయుఁ గదలలేదు. కారణము, ఇరువైపులను వాకిండ్లు మూసియుండుటయే. ఐదవదినమున రెండవవారు తమ రౌటరులో నొక్క పోర్టు తెఱపించిరి. మొదటివారి తీఁగకు పంపువేగము 20 మెగాబిట్లు, అనఁగా సెకండునకు రెండున్నర మెగాబైట్లు. రాత్రి పదిగంటలకు మొదలైన పని తెల్లవాఱకముందే ముగిసెను. ఇరువురును దెఱవ నక్కఱలేకపోయెను; ఒక్కరు చాలిరి. మఱుసటి వేసవిలోఁ బిడుగు పడి మొదటివారి కంప్యూటరు కాలిపోయినది. గ్రంథములు రెండవవారి యింట నేఁటికిని భద్రముగా నున్నవి.

ఇంక చికిత్స. ఔషధము వేయుటకు ముందు అది పనిచేయు శరీరమో కాదో చూడవలయును. విలాసముల కొఱఁతచే తీఁగ నిచ్చు సంస్థలు పెక్కు గృహములకుఁ గలిపి వెలుపలి విలాస మొక్కటే యిచ్చుచున్నవి. అనఁగా మన వాకిటఁ గాక, వీథిమొగమునను మఱియొక కావలివాఁడు గలఁడు. మన కావలివాఁడు మన యాజ్ఞ వినును; వీథికావలివాఁడు వినఁడు. దీనిని గనుఁగొనుట సులభము. రౌటరు పుటలో దాని వెలుపలి విలాస మొకటి వ్రాసియుండును. నా విలాసమేమని యడిగినఁ జెప్పు వెబ్ పుటలును గలవు. అందు చూపు సంఖ్యను దీనితోఁ బోల్చుఁడు. రెండును ఒక్కటైనచోఁ జికిత్స ఫలించును. వేఱైనచో, లేదా రౌటరు పుటలోని సంఖ్య 10 తో మొదలైనచో, లేదా 100.64 మొదలు 100.127 వఱకుఁ గల సంఖ్యలలోనిదైనచో, వీథికావలి గలదని ప్రాయికముగాఁ దలఁపవచ్చును. ఈ కడపటి సంఖ్యలు 2012లో దీనికొఱకే కేటాయింపఁబడినవి. అట్టిచోట రౌటరులో నెన్ని పోర్టులు తెఱచినను నిష్ఫలము. ‘సొమ్మిం డు, తెఱచెద’ నను వాఁడు నీరులేని బావికి గిలక బిగించువాని వంటివాఁడు. సంస్థను అడిగి, ప్రత్యేక రుసుము చెల్లించి స్థిరమైన వెలుపలి విలాసమును బొందుట యొక మార్గము. దృష్టాంతమునందు వలె అవతలివారిచేఁ దెఱపించుట, ఖర్చులేని మార్గము.

పరీక్ష నెగ్గినచో క్రమ మిట్లు. మొదటిది, ఇంటఁ బెట్టెలు ఒకటియా రెండా చూచుకొనుట. సంస్థవారి ఫైబరు పెట్టె యొకటి, మనము కొన్న రౌటరొకటి యుండి, రెండును న్యాట్ చేయుచున్నచో, ఆజ్ఞ రెండింటను వ్రాయవలయును. లేదా మొదటి పెట్టెను బ్రిడ్జి పద్ధతికి మార్పించి, పని యంతయు రెండవదానికే యొప్పగింపవలయును.

రెండవది, లోపలి కంప్యూటరునకు స్థిరమైన పేరు. రౌటరు తాను పంచు సంఖ్యను ఎప్పటికప్పుడు మార్చవచ్చును. నేఁడు మూఁడవ తమ్ముఁడున్న గదిలో రేపు నాలుగవవాఁ డున్నచో కావలివాని యాజ్ఞ తప్పుదారి పట్టును. రౌటరు పుటలో అడ్రస్ రిజర్వేషన్ అను చోట ఆ కంప్యూటరును జూపి, ఒక్క సంఖ్య దానికే యుండునట్లు చేయవలయును.

మూఁడవది, టొరెంటు ప్రోగ్రాములో పోర్టుసంఖ్యను స్థిరపఱచుట. 49,152 నుండి 65,535 వఱకుఁ గల సంఖ్యలలో నొకదానిని, ఉదాహరణమునకు 52,525ను, ఎన్నుకొనవచ్చును. ప్రతిసారియుఁ గ్రొత్తసంఖ్య యెన్నుకొనుమను గుఱుతు ప్రోగ్రాములో నున్నచో తీసివేయవలయును.

నాలుగవది, రౌటరు పుటలోనికిఁ బోవుట. బ్రౌజరునందు 192.168.1.1 అనియో, 192.168.0.1 అనియో వ్రాసినఁ బ్రాయికముగా నా పుట తెఱచుకొనును. పెట్టె యడుగున నంటించిన కాగితమున సరియైన సంఖ్యయుఁ బాస్‌వర్డును ఉండును. అందు పోర్టు ఫార్వర్డింగు అను శీర్షికను వెదకవలయును. కొన్ని రౌటరులలో దీనినే వర్చువల్ సర్వరని వ్రాయుదురు; న్యాట్ అను విభాగమునఁ గాని, అడ్వాన్స్‌డ్ అను విభాగమునఁ గాని యుండును.

ఐదవది, ఆజ్ఞ వ్రాయుట. వెలుపలి పోర్టు 52,525. లోపలి పోర్టు 52,525. లోపలి విలాసము మనము స్థిరపఱచిన సంఖ్య. రవాణావిధానము టీసీపీయు, యూడీపీయు, రెండును. పోర్టుసంఖ్యను వ్రాయునప్పుడు నడుమఁ గామా పెట్టరాదు. భద్రపఱచి వెలుపలికి రావలయును. ఆఱవది, కంప్యూటరులోని ఫైర్‌వాల్ ఆ ప్రోగ్రామునకు అనుమతి యిచ్చినదో లేదో చూచుట. తలవాకిలి తెఱచి గది తలుపు మూసియున్నచో అతిథి నడవలోనే నిలిచిపోవును గదా.

కడపట ఫలపరీక్ష. పోర్టు తెఱచియున్నదో లేదో చెప్పు వెబ్ పుటలు గలవు. టొరెంటు ప్రోగ్రాము నడచుచుండఁగనే పరీక్షింపవలయును. ప్రోగ్రాము కట్టివేసి పరీక్షించినచో, గదిలో మనుజుఁడు లేనప్పుడు పిలిచినట్లు, మూసియున్నదనియే సమాధానము వచ్చును.

యూపీఎన్‌పీ యను మఱియొక యేర్పాటు గలదు. దానిచే ప్రోగ్రాములే యజమాను నడుగక కావలివానికి ఆజ్ఞ లీయఁగలవు. సౌకర్యమే గాని, మంచి ప్రోగ్రా మడిగినట్లే చెడు ప్రోగ్రామును అడుగఁగలదు. ఇంటఁ బలువిధముల యంత్రములు గలవారు దానిని ఆపివేసి, కావలసిన యొక్క పోర్టును దామే తెఱచుకొనుట మేలు.

పంపువేగమును గూర్చి యొక్క మాట. టొరెంటు మన తీఁగకుఁ గల పంపువేగము నంతయు నాక్రమించినచో, దిగు వస్తువునకు ‘అందినది, అందిన’ దని మనయంత్రము పంపవలసిన రసీదులు వెనుకఁబడును. అందుచే దించుట మందగించును. కావున ప్రోగ్రాములో పంపువేగమునకు నాలుగైదవ వంతుల హద్దు పెట్టుకొనవలయును. 20 మెగాబిట్లు గలవారు 16 మెగాబిట్లు, అనఁగా 2 మెగాబైట్ల వద్ద నిలుపవచ్చును. పోర్టు తెఱచినను వేగము రాలేదని విచారించువారిలోఁ బెక్కండ్రకు ఈ హద్దే మందు.

ఇఁకఁ బథ్యము. తెఱచిన ద్వారమున మిత్రుఁడే వచ్చు నను నియమము లేదు. అంతర్జాలమునఁ బ్రతివిలాసమును, ప్రతిపోర్టును దట్టి చూచు యంత్రములు రేయుంబవళ్లు తిరుగుచుండును. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము ఇండ్లలోని కెమెరాలను, రౌటరులను లక్షలకొలఁది వశపఱచుకొనెను. అది చేసిన పాండిత్యమేమి? కర్మాగారమున నిచ్చిన పాస్‌వర్డులు సుమారు అఱువదింటిని బ్రయత్నించుట మాత్రమే. దొంగ కన్నము వేయలేదు; తాళముకప్పకే చెవి వ్రేలాడుచుండెను. ఆ యేఁటి అక్టోబరు 21వ తేదీన ఆ యంత్రసేనలోఁ గొంత డైన్ అను సంస్థపైఁ బడఁగా, అమెరికాలోఁ బేరుగల వెబ్ స్థలము లనేకము కొన్ని గంటలు జనులకుఁ గానరాకపోయెను. ఆ కెమెరాల యజమానులకుఁ దమ యిండ్లనుండి యుద్ధము జరుగుచున్నదని తెలియనే తెలియదు.

కావున ఈ నియమములు పాటింపుఁడు. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చి, క్రొత్తదానిని ఇంటి లెక్కల పుస్తకమున వ్రాసియుంచుఁడు. విదేశమున నున్న కుమారుఁడు చూచుట కని వాకిటి కెమెరాకుఁ బోర్టు తెఱవనీయకుఁడు. అది దొంగకుఁ గూడ నిల్లు చూపును. డీఎంజడ్ అను గుఱుతు పెట్టనీయకుఁడు. అది యొక్క ద్వారమును గాక, ఆ కంప్యూటరునకు వచ్చు ద్వారములన్నింటిని బార్లఁ దెఱచుట. రౌటరు పుటను వెలుపలినుండి తెఱచు ననుమతి నీయకుఁడు. పని ముగియఁగనే ఆజ్ఞను గొట్టివేయుఁడు. మరమ్మతువాఁడు వచ్చినప్పుడు ప్రక్కనఁ గూర్చుండి, ఏ సంఖ్య తెఱచెనో, ఏ యంత్రమునకుఁ దెఱచెనో వ్రాయించుకొనుఁడు. చెప్పలేనివానిచేఁ జేయింపకుఁడు.

విలాసముల కొఱఁత తీర్చుటకై 1995లో నూటయిరువదియెనిమిది బిట్ల విలాసపద్ధతి యొకటి ప్రకటింపఁబడి, 2017లోఁ బూర్తిప్రమాణముగా స్థిరపడినది. దానినే ఐపీవీ6 అందురు. అందు విలాసములకు లోటు లేదు, ఇంటఁ బ్రతియంత్రమునకును వెలుపలి విలాస ముండవచ్చును, న్యాట్ అక్కఱలేదు. మీ సంస్థ దాని నిచ్చుచున్నదేమో యడుగుఁడు. కాని యందును కావలివాఁడు గలఁడు. రౌటరులోని ఫైర్‌వాల్ పిలువని వారిని నిలిపివేయుచునే యుండును. కావలసిన పోర్టున కనుమతి యీయవలసియే యుండును. పేర్ల కొఱఁత తీఱినంతమాత్రమున కావలి యవసరము తీఱదు.

విన్నదాని సారమును మఱల నొక్కసారి చెప్పెదను. లెక్క చూడుఁడు, తీఁగతోఁ బరీక్షింపుఁడు, అవతలికొనను విచారింపుఁడు. ఒండొరులు పంచుకొను వస్తువు, అదియు నరుదైన వస్తువు, న్యాయముగాఁ బంచుకొనఁదగిన వస్తువు అయినప్పుడే పోర్టు తెఱచుట యోగ్యము. వీథికావలి లేనప్పుడే ఫలవంతము. ఒక్కటే తెఱచి, పని తీఱఁగనే మూయుట క్షేమకరము. మన యిండ్ల యటుకులమీఁద వ్రాఁతప్రతు లింకను గలవు. వానిని జిత్రములుగాఁ దీయించి, ఒక గ్రామమునుండి మఱియొక గ్రామమునకుఁ జేర్చు పనికి ఈ ద్వారము నుపయోగింపుఁడు. మనుమఁడు సెలవులకు వచ్చినప్పుడు వానిచేతనే చేయింపుఁడు. మీరు ప్రక్కనఁ గూర్చుండి చూడుఁడు.